కాటి సుంకం వదిలేయొచ్చుగా?

చిన్నీ, బాబీ,

మొన్న ఫోన్‌లో మీరడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, చనిపోయింది సొంత కొడుకు, ఏడుస్తున్నది సొంత భార్య. హరిశ్చంద్రుడు ఆ కాటి సుంకం వదిలేయొచ్చుగా?" అన్నారు, శవాన్ని కాల్చడానికి కట్టాల్సిన ఆ రుసుము గురించి. రెండు రోజులుగా అదే ఆలోచన.

మీరు సెల్లులో చూసింది ఒక ముక్కే. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి రాసిన ఈ హరిశ్చంద్ర పద్యనాటకాన్ని మా ఊళ్లో శివరాత్రికి తెల్లవార్లూ ఆడేవారు. హార్మోనియం వినబడితే చాలు, చాపలు చంకన పెట్టుకుని పరుగు. పద్యం నచ్చితే పెద్దలు "వన్స్ మోర్" అని అరిచేవారు, నటుడు మళ్లీ ఎత్తుకునేవాడు.

సరే, మీ ప్రశ్న. రాజ్యం తనది, కాబట్టి విశ్వామిత్రుడికి ఇచ్చేశాడు. సుంకం తనది కాదు, విశ్వామిత్రుడి బాకీ తీర్చడానికి అమ్ముడుపోయిన తనను కొనుక్కున్న వీరబాహుడిది. తనది ఎంతైనా ఇవ్వొచ్చు గానీ, ఇంకొకరి సొమ్ము వదిలేయడానికి తనెవరు? పైగా ఆ వీరబాహుడు ఊరివాళ్లు దూరంగా ఉంచిన కాటికాపరి. అతనికి రావలసింది ఎగ్గొడితే నిలదీసే పెద్దమనిషి ఒక్కడూ ఉండడు. అయినా హరిశ్చంద్రుడు ఎగ్గొట్టలేదు. అంతకుముందు ఆ కాటికి వచ్చిన తల్లులూ ఏడ్చినవాళ్లే కదా, వాళ్ల దగ్గర తీసుకుని తన ఇంటి శవానికి మాత్రం ఎలా వదులుతాడు?

విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుణ్ణి కూడా చూడండి. వెంటపడి పీడించేవాణ్ణి ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తాం. అతనూ గురువు తరఫున బాకీ వసూలుకి వచ్చినవాడే. కానీ దారి పొడుగునా వాళ్లను ఏడిపించాడు. హరిశ్చంద్రుడు సుంకం అడుగుతుంటే తన గొంతే పూడుకుపోతుంది. ఇద్దరి పనీ ఒకటే.

నేనూ చాలా ఏళ్లు అప్పుల వసూలు ఉద్యోగం చేశాను. పంట పోయిన ఏడాది ఒక రైతు వాకిట్లో నిలబడి గట్టిగా అరిచాను. తలుపు చాటు నుంచి ఆయన కూతురు నన్నే చూస్తోంది. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది నక్షత్రకుడే. మర్నాడు వెళ్లి క్షమించమన్నాను. బాకీ మాత్రం అడగక తప్పలేదు.

కాటి సీనులో మీకు నచ్చిన "ఇచ్చోటనే" పద్యం బలిజేపల్లి వారిది కాదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారిది. ఆయన శ్మశానం పద్యాలను నటులు తెచ్చి ఈ సీనులో కలుపుకున్నారు. రాజముద్రికలూ కవి కలమూ కలిసిపోయేది అక్కడే, అంటరానితనం అడుగుపెట్టలేనిదీ అక్కడే అంటారాయన. కులం పేరుతో ఎన్నో అవమానాలు పడిన మనిషి ఆ మాట రాశాడు. వీరబాహుడి కాటిలో నిలబడి ఒక రాజు దాన్ని పాడుతుంటే, ఊరి అన్ని వీధులవాళ్లూ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

డి.వి. సుబ్బారావు గారు పాడిన కాటి సీను క్యాసెట్ నా దగ్గరుంది. సంక్రాంతికి రండి, వింటూ కూర్చుందాం. అర్థంకాని మాట వస్తే ఆపించి అడగండి.

మీ తాతయ్య