మొబైల్ పరిచర్య: అపోహలు, వాస్తవాలు

ఫోన్ ద్వారా వాక్యం అందించాలనుకునే సంఘాలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఎదురయ్యే అపోహల్లో చాలావాటికి మూలం ఒకటే: వినేవారి చేతిలో ఏ ఫోన్ ఉందో చూడకుండా, మన చేతిలో ఉన్న ఫోన్‌ను బట్టి ప్రణాళిక వేసుకోవడం.

అపోహ: సొంత యాప్ లేనిదే మొబైల్ పరిచర్య మొదలుకాదు.

వాస్తవం: యాప్ తయారు చేయించడం కంటే దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం కష్టం, ఆండ్రాయిడ్ మారుతున్న కొద్దీ సరిచేస్తూ ఉండకపోతే, కొంతకాలానికి కొత్త ఫోన్లలో అది ప్లే స్టోర్ నుంచి దొరకదు. యూవెర్షన్ బైబిల్ యాప్ 2008 నుంచి ఉచితంగా లభిస్తుండగా, ఆదివారపు ప్రసంగాలూ ప్రకటనలూ మాత్రమే ఉండే యాప్‌ను బయటివారు వెతుక్కుని వేసుకోరు. వాక్యం ఇంకా ఏ యాప్‌లోనూ లేని భాష అయితే సంగతి వేరు. అక్కడ భాషల మీద, బైబిల్ అనువాదం మీద పనిచేసే ఎస్ఐఎల్ సంస్థ రూపొందించిన స్క్రిప్చర్ యాప్ బిల్డర్‌తో, ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా అనువాద పాఠాన్నీ ఆడియోనూ కలిపి యాప్‌గా చేయగలుగుతారు.

అపోహ: ఇంటర్నెట్ లేనిచోట ఫోన్‌తో చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: కొత్త నిబంధనలోని 260 అధ్యాయాల ఆడియో సుమారు 20 గంటలు అనుకుంటే, సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున మోనోలో (ఎడమ, కుడి వేరు లేని ఒకే ధ్వనిగా) చేసిన ఎంపీ3 ఫైళ్లన్నీ కలిపినా 300 ఎంబీ దాటవు. సంగీతానికి ఆ నాణ్యత చాలదు గాని, ఒకే గొంతు చదివే పాఠానికి సరిపోతుంది. అంటే చిన్న మెమరీ కార్డులో కొత్త నిబంధనతో పాటు కొన్ని ప్రసంగాలు, ఒక వీడియో కూడా అమరుతాయి; అక్కడి నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య బ్లూటూత్ ద్వారా చేతులు మారుతాయి. ఎక్కువమంది ఒకచోట చేరినప్పుడు, తనలోని ఫైళ్లను ఇంటర్నెట్ లేకుండానే వైఫై మీద పంచే చిన్న పెట్టె అక్కరకొస్తుంది.

అసలు చిక్కు ఫార్మాట్ల దగ్గర వస్తుంది. పాత బటన్ ఫోన్లు చాలావరకు హెచ్‌డీ వీడియోను తెరవలేవు, పాత ఫోన్లకు తగిన 3జీపీ ఫార్మాట్‌లోని చిన్న సైజు వీడియో అయితే ఆడిస్తాయి. కొన్ని లిపులను చూపలేని ఫోన్లలో అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనిపిస్తాయి. అందుచేత దేన్ని పంచబోయినా, దొరికినవాటిలో అన్నిటికంటే పాత ఫోన్‌లో ముందుగా తెరిచి చూడాలి. దృశ్య నాణ్యత మీద మోజున్న మీడియా బృందాలకు ఈ పని బొత్తిగా రుచించదు.

అపోహ: ఎందరికి ఫార్వర్డ్ చేస్తే అందరికి సువార్త అందినట్టు.

వాస్తవం: వాట్సాప్ 2019లో ఫార్వర్డ్‌లను ఒకేసారి 5 చాట్‌లకూ, 2020లో అప్పటికే పలుమార్లు చేతులు మారిన సందేశాలను ఒక్క చాట్‌కూ పరిమితం చేసింది. పరిమితి లేకపోయినా ఊరూపేరూ లేని ఫార్వర్డ్‌కు జవాబివ్వాలని ఎవరికీ అనిపించదు. తెలిసిన మనిషి సొంత గొంతుతో పంపిన నిమిషం నిడివి వాయిస్ మెసేజ్‌కు, అందులోనూ చివర ఒక ప్రశ్న ఉంటే, జవాబు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఆ జవాబు చదివి తిరిగి మాట్లాడే మనిషిని నియమించకుండా ప్రచారం మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

అపోహ: ఉచితంగా పంచుతున్నాం గనుక కాపీరైట్ వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. ఆధునిక అనువాదాలకూ ఆడియో రికార్డింగులకూ సాధారణంగా హక్కుదారులుంటారు; అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి.

అపోహ: సందేశాలను మధ్యలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్ ఉంది గనుక కొత్త విశ్వాసికి ప్రమాదం లేదు.

వాస్తవం: వాట్సాప్‌లో 2016 నుంచి ఉన్న ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ సందేశాన్ని దారిలో కాపాడుతుంది గాని, తాళం వేయని ఫోన్ ఇంట్లోవారి చేతికి చిక్కితే కాపాడదు. గ్రూప్‌లో చేర్చిన క్షణం నుంచి ఆ వ్యక్తి నంబరు తక్కిన సభ్యులకు కనిపిస్తుంది. బాప్తిస్మపు ఫోటోను ఫైలుగా పంపితే, అది తీసిన స్థలం వివరాలు కూడా దానితో వెళ్లవచ్చు. కాబట్టి విశ్వాసాన్ని దాచుకోవలసిన పరిస్థితుల్లో ఉన్నవారిని అడగకుండా ఏ గ్రూప్‌లోనూ చేర్చవద్దు, వారి ముఖం కనిపించే చిత్రాన్ని ఎక్కడా పెట్టవద్దు. ఏ సమయంలో, ఏ పేరుతో సందేశం పంపాలో వారినే నిర్ణయించనివ్వండి.