అపార్ట్‌మెంట్‌లో అంతుచిక్కని వాసనలు: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో గాలి నాణ్యతను పరీక్షించడం నా పని. నన్ను పిలిచే సరికే చాలామంది గోడలకు రంగు వేయించి, పరుపు మార్చి, పక్కింటివాళ్లతో ఓ విడత గొడవ కూడా పెట్టుకుని ఉంటారు. వాసన మాత్రం కదలదు.

అపోహ: వాసన ఎక్కడ ఘాటుగా ఉంటే అక్కడే పుడుతోంది.

వాస్తవం: అక్కడి నుంచి గాలి లోపలికి వస్తోందని మాత్రమే అర్థం. కిటికీలన్నీ మూసి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే, అది బయటికి నెట్టినంత గాలి ఎక్కడో ఒకచోటి నుంచి లోపలికి రావాల్సిందే. తలుపు కింది సందు, స్విచ్‌బోర్డు వెనక రంధ్రం, పైపుల చుట్టూ పూడ్చకుండా వదిలేసిన ఖాళీ, ఏది తెరిచి ఉంటే అదే దారి. కింది అంతస్తులో కాల్చిన సిగరెట్టు పై అంతస్తు పడకగదిలో గుప్పుమనేది ఇలాగే. అందుకే నేను ముక్కు కంటే ముందు టిష్యూ కాగితం పీలికను నమ్ముతాను. అనుమానం ఉన్న సందు దగ్గర దాన్ని వేలాడదీసి ఫ్యాన్ వేయిస్తాను. పీలిక గదిలోకి వంగి, ఫ్యాన్ ఆపగానే నిటారుగా నిలిస్తే దారి దొరికినట్టే.

అపోహ: బాత్రూమ్ బాగా కడిగితే మురుగు వాసన పోతుంది.

వాస్తవం: బాత్రూమ్ నేల మీది జాలీ కింద ట్రాప్ అనే వంపు ఉంటుంది. అందులో సాధారణంగా 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు నిలిచి, మురుగు పైపులోని గాలిని అడ్డుకుంటాయి. వాడని బాత్రూమ్‌లో ఆ నీళ్లు మెల్లగా ఆవిరైపోతాయి. అప్పుడు కుళ్లిన కోడిగుడ్ల వాసన మొదలవుతుంది. రెండు చెంబుల నీళ్లు పోసి, పైన కాస్త వంటనూనె వేస్తే ఆవిరి కావడం తగ్గుతుంది. ఫినాయిల్ వాసనను కప్పుతుందే తప్ప దాని మూలాన్ని తీయదు. ఫ్లష్ చేసినప్పుడల్లా పక్కనున్న ట్రాప్ గుడగుడమంటుంటే అందులోని నీళ్లను పైపు లాగేస్తోందన్నమాట. అప్పుడు చూడాల్సింది వెంట్ పైపును, అంటే మురుగు పైపుల్లోకి గాలి ఆడేలా మిద్దె మీదికి తెరిచి ఉంచే గొట్టాన్ని.

నీళ్లు నిండుగా ఉన్నా వాసన వస్తుంటే గోడలోని పైపు పగిలి ఉండవచ్చు. దీనికి పాత పరీక్ష ఒకటుంది. మిద్దె మీది వెంట్ పైపులో పిప్పర్‌మెంట్ నూనె పోసి, వెనకే బకెట్టు వేడినీళ్లు పోస్తారు. ఇంట్లో ఆ ఘాటు ఎక్కడ తగిలితే పగులు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. నూనె పోసిన మనిషి మాత్రం కిందికి రాకూడదు. వచ్చాడో, ఇల్లంతా అతని చేతుల వాసనే!

అపోహ: ఇంట్లో ఉండే మాకు తెలియదా?

వాస్తవం: నిజంగానే తెలియదు. ఏ వాసనకైనా ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడుతుంది. గంటసేపు బయట తిరిగి వచ్చి, తలుపు తీసిన మొదటి శ్వాసలో ఏం తగిలిందో రాసుకోండి. దానితోపాటు సమయం, ఏ ఫ్యాన్లు తిరుగుతున్నాయి, వర్షం పడిందా అన్నవీ రాయండి. ఇలా వారం రోజులు రాసిన కాగితం నా మీటర్ల కంటే ఎక్కువ చెప్పిన ఇళ్లు ఉన్నాయి.

అపోహ: ఎయిర్ ప్యూరిఫయర్ ఉంటే చాలు.

వాస్తవం: ప్యూరిఫయర్‌లో ఉండే హెపా అనే సన్నని వడపోత ఫిల్టర్ ధూళి కణాలను పడుతుంది, వాయువులను పట్టదు. వాసనలకు వాటిని పట్టి ఉంచే ప్రత్యేకమైన బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అది కూడా తగినంత మందంగా. మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఈ రెండూ తగ్గించలేవు. ఆరుబయట అది సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు ఉంటుంది. మూసిన పడకగదిలో 1000 దాటితే గాలి మారడం లేదని గుర్తు. స్ప్లిట్ ఏసీ కూడా గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కిటికీ తీయండి.

అపోహ: కుండీల్లో మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయి.

వాస్తవం: 1989లో నాసా ఆ ప్రయోగాలు చేసింది గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెల్లాంటి గదుల్లో. కిటికీ తీసినంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలైనా కావాలని 2019 నాటి సమీక్ష లెక్కగట్టింది. అందానికైతే నిరభ్యంతరంగా పెంచుకోండి.

అపోహ: వాసన లేకపోతే ప్రమాదం లేదు.

వాస్తవం: గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గ్యాస్ గీజర్ ఉన్న ఇంట్లో దానికి అలారం ఉండాల్సిందే. వంటగ్యాస్‌కు ఆ వాసన సహజంగా లేదు, లీకయితే తెలియాలని కలుపుతారు. అది తగిలితే స్విచ్‌లేవీ ముట్టకుండా, సిలిండర్ వాల్వు మూసి, కిటికీలు తీసి బయటికి నడవండి. స్విచ్‌బోర్డు దగ్గర చేపల వాసన వస్తే వంటింట్లో వెతక్కండి. ప్లాస్టిక్ వేడెక్కుతోంది. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, నన్ను కాదు.