హార్డ్ డిస్కుల లొల్లి: 35 సార్లు తుడవమన్నదెవరు?

హన్మకొండలో పాత కంప్యూటర్ల వేలం మళ్లీ పంచాయితీకెక్కింది. హార్డ్ డిస్కులకు డ్రిల్లుతో చిల్లులు పెట్టాకే స్క్రాపుకిస్తామని ఆఫీసులు అంటున్నాయి. తుడిచి, అంటే పాత డేటా మీద వేరేది తిరగరాసి ఇస్తే ఇంకో అయిదేళ్లు నడుస్తాయి కదా అని సెకండ్ హ్యాండ్ దుకాణాల వాళ్లు. ఎంత తుడిచినా సూక్ష్మదర్శినితో పాత డేటా చదివేస్తారన్నది ఆఫీసుల భయం.

అది 1996 నాటి భయం. ఆ జులైలో న్యూజిలాండ్ పరిశోధకుడు పీటర్ గుట్‌మన్ అమెరికాలోని శాన్ హోసేలో ఒక పత్రం సమర్పించారు. అయస్కాంత బల సూక్ష్మదర్శిని వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. దాని సన్నని అయస్కాంత మొన డిస్కు మీద కదులుతుంటే, పలుచని లోహపు పొరలో అయస్కాంత దిశ ఎక్కడెక్కడ తిరగబడిందో చారలుగా కనిపిస్తుంది. డేటా అంటే ఆ చారలే. మళ్లీ రాసేటప్పుడు డేటా రాసే మొన (హెడ్) వెంట్రుకవాసి పక్కకు జరిగితే, డేటా రాసే గుండ్రటి దారి (ట్రాక్) అంచున పాత చార కొంచెం మిగిలిపోతుంది. గుట్‌మన్ పట్టుకున్నది దాన్నే. అందుకే 35 సార్లు తిరగరాయమన్నారు.

ఆ 35 రకరకాల పాత డ్రైవుల కోసం కలిపి చెప్పిన లెక్క. కొత్త డ్రైవులకు అన్నీ అక్కర్లేదని ఆయనే తర్వాత వివరణ జోడించారు. దాన్ని చదివినవాళ్లు తక్కువ, 35 మాత్రం ఊరూరా తిరిగింది. ఈలోగా ట్రాకులు ఇరుకైపోయాయి, 2005 నుంచి బిట్లు (డేటాలోని 0, 1లు) నిలువుగా నిలబడ్డాయి, పొరలోని రేణువు సుమారు 8 నానోమీటర్లకు దిగింది. అంచున మిగలడానికి చోటేదీ? 2008లో కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు క్రెయిగ్ రైట్ బృందం పరీక్షిస్తే, వాడిన డ్రైవులో ఒక్కో బిట్‌ను సరిగ్గా చెప్పగలిగింది నూటికి 56 సార్లు, బొమ్మాబొరుసు కంటే కాస్త నయం. ఒక బైట్ (ఎనిమిది బిట్లు) మొత్తం అంటే ఒక శాతం కూడా లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లోనే ఒక్కసారి తిరగరాస్తే చాలంది.

మరి పాత డిస్కుల్లో ఫైళ్లు ఎలా దొరుకుతున్నాయి? ఎవరూ తిరగరాయరు కనుక. డిలీట్, క్విక్ ఫార్మాట్ సూచికనే చెరిపేస్తాయి, పొర మీది చారలు అలాగే ఉంటాయి. దుకాణాల వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే.

చెడిపోయాయని డిస్కు పక్కన పెట్టేసిన సెక్టార్లను (డేటా ఉండే చిన్న చిన్న ముక్కలను) తుడిచే సాఫ్ట్‌వేర్ తాకదన్న ఆఫీసుల మాటలో నిజముంది. వాటికి డ్రైవ్‌లోనే ఎరేజ్ కమాండ్ ఉంటుంది.

ఇప్పుడు వేలం లాట్లలో ఎస్‌ఎస్‌డీలూ (చిప్పుల్లో డేటా దాచే డ్రైవులు) వస్తున్నాయి. వాటిలో అయస్కాంత పొరే ఉండదు. డ్రిల్లు చిప్పు పక్కనుంచి దిగితే డేటా భద్రంగా ఉన్నట్టే.