శాన్ జిమిన్యానో టవర్లు నిలిచాయి, జనం ఎందుకు నిలవలేదు?

ఇటలీలోని టస్కనీ కొండల మీద ఉన్న శాన్ జిమిన్యానోకి పొద్దున్నే ఫ్లోరెన్స్ నుంచి టూరిస్టు బస్సులు వరుసకడతాయి. రెండు మూడు గంటలు ఫొటోలు, ఐస్‌క్రీం, తిరిగి బస్సు. సాయంత్రమయ్యేసరికి వీధులు ఖాళీ. ప్రాకారం లోపల ఏడాది పొడుగునా కాపురముండే కుటుంబాలు తగ్గిపోతున్నాయని అక్కడివాళ్ల బెంగ. తప్పంతా టూరిజానిదే అనడం తేలిక. కానీ ఈ ఊరిని పెంచిందీ, పడగొట్టిందీ, మళ్లీ నింపిందీ దారులే. ఆ సంగతి తెలియకుండా ఇప్పటి గొడవ అర్థం కాదు.

ఉత్తర యూరప్ నుంచి రోమ్‌కి యాత్రికులు నడిచే వియా ఫ్రాంచిజెనా దారి ఈ కొండ మీదుగా పోయేది. 990 ప్రాంతంలో రోమ్ నుంచి ఇంగ్లండ్ తిరిగి వెళ్తూ కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ సిగెరిక్ రాయించుకున్న మజిలీల జాబితాలో ఈ ఊరి పేరుంది. యాత్రికులతో పాటు వ్యాపారమూ వచ్చింది. చుట్టుపక్కల పండే కుంకుమపువ్వు దూరదేశాల సంతల దాకా వెళ్లింది. 1199 నాటికి ఊరు బిషప్ పెత్తనం వదిలించుకుని స్వతంత్ర పట్టణమైంది.

చేతిలో డబ్బు ఆడాక పంతాలు మొదలయ్యాయి. ఊళ్లో పోపు పక్షం అర్దింగెల్లి వంశానిది, పోపుతో పోటీపడే పవిత్ర రోమన్ చక్రవర్తి పక్షం సల్వుచ్చి వంశానిది. ఎవరి టవరు ఎత్తైతే వారిదే పరువు. నగరసభ టవరుని మించి ఎవరూ కట్టకూడదని 1255లో శాసనమే చేయాల్సి వచ్చింది. మొత్తం 72 టవర్లుండేవని అంటారు. ఇప్పుడు మిగిలినవి 14 వరకు. దగ్గరికెళ్లి చూస్తే గోడల్లో చదరపు రంధ్రాలు కనిపిస్తాయి. సారవ దుంగలు దూర్చింది, చెక్క వసారాలు వేలాడదీసింది వాటిలోనే. లోపల మాత్రం మనిషి చేతులు బారచాపితే గోడలు తగిలేంత ఇరుకు. పరువు కోసం అంత ఇరుకులో కాపురాలు!

1300లో కవి డాంటే ఫ్లోరెన్స్ రాయబారిగా వచ్చి ఇక్కడి సభలో మాట్లాడాడు. అప్పటికి ఊరు మంచి ఊపులో ఉంది. యాభై ఏళ్లలో అంతా తలకిందులైంది. 1348లో ప్లేగు వచ్చి జనాన్ని ఊడ్చేసింది. 1353లో చేసేది లేక ఊరు ఫ్లోరెన్స్‌కి లొంగిపోయింది. రాకపోకలు కింద ఎల్సా లోయలోకి మళ్లాయి. ఇక్కడి టవర్లు అన్ని శతాబ్దాలు నిలవడానికి, వాటిని కూల్చి కొత్త భవనాలు కట్టే స్తోమత ఎవరికీ లేకపోవడం పెద్ద కారణం. మనం ముచ్చటపడే ఈ అందమంతా పేదరికం కాపాడిన అందం. నన్ను అన్నిటికంటే కదిలించే విషయం ఇదే.

చుట్టూ ఉన్న కోట ఊళ్లవీ ఇలాంటి కథలే. పొరుగు పట్టణం వోల్టెర్రా వైపు సరిహద్దు కాయడానికి ఉన్న కాస్టెల్‌వెక్యో కోట ఇప్పుడు అడవిలో శిథిలం. అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ. నన్నడిగితే శాన్ జిమిన్యానోకి వచ్చినవాళ్లు తప్పకుండా చూడాల్సింది అదే. మోంటెరిజోని అనే కోట ఊరిని, ఫ్లోరెన్స్‌కి పోటీ నగరమైన సియెనావాళ్లు దాన్ని ఎదుర్కోడానికి 1213లో మొదలుపెట్టి కట్టారు. గుండ్రటి ప్రాకారం, దానికి 14 బురుజులు. 1554లో కోట కాపాడాల్సిన సేనానే తాళాలు శత్రువుకి అప్పగించాడు.

కోటల యుగం ముగిశాక పల్లెని నడిపింది సగపాలు సేద్యం. పంటలో సగం భూస్వామికి, సగం రైతుకి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కుర్రాళ్లు ఫ్యాక్టరీ జీతాల కోసం లోయలోకి దిగిపోయారు. 1964లో చట్టం కొత్త సగపాలు ఒప్పందాలని నిషేధించింది. ఖాళీ అయిన రాతి ఇళ్లని నగరాలవాళ్లు, విదేశీయులు కొనుక్కున్నారు. పొలం ఇళ్లలో అతిథులకి బస ఇచ్చే పద్ధతికి 1985లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఇక్కడి వెర్నాచ్చా తెల్ల వైన్‌కి 1966లోనే రక్షణ ముద్ర దక్కింది. 1990లో యునెస్కో పట్టణ కేంద్రాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. దాంతో పేరు ఇంకా మోగిపోయింది, బస్సులు పెరిగాయి.

ఇంటిని నెలకి స్థానిక కుటుంబానికి ఇవ్వడం కంటే వారాంతంలో టూరిస్టులకి ఇస్తేనే యజమానికి లాభం. పాత గోడకి కిటికీ పెట్టాలన్నా అనుమతులు కావాలి. రైలు స్టేషన్ ఊళ్లో లేదు, కింద పోజ్జిబోన్సీలో ఉంది. కొత్తగా పెళ్లైన జంట ఎక్కడ ఇల్లు చూసుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

పోజ్జిబోన్సీ పాత ఊరు కూడా ఒకప్పుడు కొండ మీదే ఉండేది. 1270లో ఫ్లోరెన్స్ పక్షం దాన్ని నేలమట్టం చేసి జనాన్ని లోయలోకి దింపింది. ఇప్పుడక్కడ జనాభా దాదాపు 29,000. శాన్ జిమిన్యానోలో చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా 7,500 వరకే.