చైనీస్ పాప్ పాటలు: అపోహలు - వాస్తవాలు

సింగపూరులో గాయకుల గొంతు రికార్డు చేయడం, పాటను మిక్సింగ్ చేయడం నా వృత్తి. ఇక్కడి తెలుగు మిత్రులూ, ఊరి నుంచి ఫోను చేసే చుట్టాలూ నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదేపదే వినిపిస్తుంటాయి.

అపోహ: ఒకే మాటను పలికే గొంతు ఎత్తు మారితే అర్థం మారే భాష కదా, ఇక పాట పాడితే ఎవరికి అర్థమవుతుంది?

వాస్తవం: అది ఏ చైనీస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. చైనా అధికార భాష మాండరిన్‌లో పలుకుకు నాలుగు రకాల ఎత్తుపల్లాలున్నా, పాటలో మాత్రం బాణీదే పెత్తనం. గాయకులు వాటిని చాలావరకు వదిలేస్తారు, శ్రోతలు సందర్భాన్ని బట్టి అందుకుంటారు. 2000లో తొలి ఆల్బం తెచ్చిన తైవాన్ గాయకుడు జే చౌకు మాటలు నమిలి మింగేస్తాడని పేరు. అయినా ఒక తరమంతా ఆయన పాటలు పాడుకుంటూనే పెరిగింది.

హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్ అయిన కాంటనీస్ దగ్గర ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఎత్తుపల్లాలు ఆరు. బాణీ ఒకవైపు, మాట ఒకవైపు లాగితే చెవికి వేరే మాట వినబడుతుంది. పాశ్చాత్య బాణీలకు కాంటనీస్ మాటలు అతికించిన చర్చి కీర్తనల్లో ‘ప్రభువు’ కాస్తా ‘పంది’ అయిపోతుందని అక్కడివాళ్లు నవ్వుకుంటారు. మన సినిమాల్లో లాగే అక్కడా సాధారణంగా ముందు బాణీ, తర్వాత సాహిత్యం. మన కవికి తూకం, ప్రాస కుదిరితే చాలు. వాళ్లకు ప్రతి అక్షరం ఎత్తూ కుదరాలి. అందుకు అక్కడి రచయితల్లో చాలామంది వాడే కిటుకు నాకు భలే నచ్చుతుంది: బాణీని అంకెలతో పాడుకుంటారు. కాంటనీస్‌లో సున్నా, రెండు, నాలుగు, మూడు అన్న మాటలు ఇదే వరుసలో అట్టడుగు నుంచి పై ఎత్తుకు వెళ్తాయి. ఒక స్వరం దగ్గర ఏ అంకె నోట్లో ఒదిగితే, అక్కడ ఆ ఎత్తు మాటనే వెతికి వేయాలి.

నా పని దగ్గర ఇది మరోలా ఎదురవుతుంది. కింది నుంచి పైకి లేచే మాటను గాయని చిన్న జారుతో అందుకుంటుంది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌కు అది తప్పుగా తోచి, చదును చేసేస్తుంది. శ్రుతి శుభ్రపడుతుంది, మాట చెడుతుంది. అందుకే కాంటనీస్ పాటలో ఆ జారులన్నీ చూసుకుని, ఒక్కొక్కదాని జోలికీ సాఫ్ట్‌వేర్ పోకుండా తప్పిస్తాను.

అపోహ: చైనీస్ పాటలు పాడేవాళ్లందరూ చైనావాళ్లే.

వాస్తవం: స్టెఫనీ సన్, జేజే లిన్, తాన్యా చువా మా సింగపూరువాళ్లు. ఫిష్ లియాంగ్‌ది మలేసియా. ఆ-మెయ్ తైవాన్‌లోని పుయుమా అనే ఆదివాసీ తెగ అమ్మాయి. ఫే వాంగ్ బీజింగ్‌లో పుట్టినా, 1987లో హాంకాంగ్ వెళ్లి, తనది కాని కాంటనీస్‌లో పాడి పేరు తెచ్చుకుంది.

అపోహ: చైనాలో ప్రభుత్వం వద్దంటే ఇక ఆ పాట ఎవరూ వినరు.

వాస్తవం: తైవాన్ గాయని టెరెసా టెంగ్ సంగతి చూడండి. 1980ల తొలినాళ్లలో ఆమె పాటలను చెడు సంస్కృతి అంటూ చైనాలో నిషేధించారు. అయినా క్యాసెట్లు నకళ్ల మీద నకళ్లై ఇల్లిల్లూ తిరిగాయి. పగలు పెద్ద డెంగ్ మాట, రాత్రి చిన్న డెంగ్ పాట అని జనం చమత్కరించారు; పెద్దాయన అప్పటి చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్. టెంగ్ అన్నా డెంగ్ అన్నా చైనీస్‌లో ఒకటే ఇంటిపేరు. లౌడ్‌స్పీకర్లలో బృందగానాలు విని విసిగిన చెవులకు, మైకుకు దగ్గరగా నిలబడి చెవిలో చెప్పినట్టు పాడే ఆ గొంతు కొత్త. అంత మెల్లగా పాడుతూ శ్రుతి నిలపడం గట్టిగా పాడటం కన్నా కష్టమని ఏ రికార్డిస్టును అడిగినా చెబుతారు.

అపోహ: అవన్నీ ఇంగ్లిష్ పాటలకు కాపీలు.

వాస్తవం: 1980ల హాంకాంగ్ గాయకులు అరువు తెచ్చుకున్న మాట నిజమే. అయితే వాటిలో చాలా బాణీలు జపాన్‌వి. అప్పు చైనీస్ నుంచి ఇంగ్లిష్‌కూ నడిచింది. మన దగ్గర గిటారు పట్టిన కుర్రాళ్లు ఎంతోమంది వాయించిన ‘టేక్ మీ టు యువర్ హార్ట్’ను డెన్మార్క్ బృందం మైకేల్ లెర్న్స్ టు రాక్ 2004లో విడుదల చేసింది. ఆ బాణీ హాంకాంగ్ గాయకుడు జాకీ చుంగ్ 1993లో పాడిన మాండరిన్ పాటది.