కడప బండ మీద నిమ్మచెక్క

బెంగళూరులో మేముండే అద్దె ఇంట్లో వంటగట్టు గ్రానైట్, దాని కింద అరలు మాత్రం కడప బండ. ఒకసారి పులిహోరకి పిండిన నిమ్మచెక్కని ఆ అర మీద పెట్టి మర్చిపోయాం. తెల్లారేసరికి నల్లటి బండ మీద గుండ్రంగా బూడిదరంగు మచ్చ. తుడిస్తే పోలేదు, పీచు పెట్టి తోమినా పోలేదు. ఓనరు అడ్వాన్సులో కోస్తాడేమోనని అమ్మకి టెన్షన్. గోరుతో గీకి చూస్తే తెలిసింది, అది మచ్చ కాదు, అక్కడ నునుపు పోయి రాయి గరుకుగా తగులుతోంది, అంటే పైపొర కరిగిపోయింది. కడప బండ సున్నపురాయి, దానికి పులుపు పడదు. పైనున్న గ్రానైట్ మీద మేం రోజూ నిమ్మకాయలు కోస్తూనే ఉన్నాం, దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. బెంగళూరు కింద ఉన్నదీ ఈ మొండిరకమే. లాల్‌బాగ్‌లో జనం ఎక్కి ఫొటోలు దిగే ఆ గుట్ట సుమారు 300 కోట్ల ఏళ్ళనాటి నైస్ (gneiss) అనే గట్టి శిల. అందుకే ఈ ఊరి కింద మెట్రో సొరంగాలు తవ్వుకోవాల్సిందే తప్ప సున్నపురాతి గుహలు వాటంతట అవి పుట్టవు.

గుహ చూడాలనిపిస్తే ఇక్కడి మనవాళ్ళు అనంతపురం, తాడిపత్రి మీదుగా బెలుం పోతారు. నేనూ మూడుసార్లు వెళ్ళాను. నున్నగా అరిగిన గోడలు, వంపులు తిరిగే దారి, వాగు పోయిన జాడ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. వాన నీళ్ళు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని బాగా పల్చటి సోడాలా మారి, రాతి పగుళ్ళలోకి దిగి, కొంచెం కొంచెంగా తింటూ పోతాయి. గుహలన్నీ ఇలాగే పుడతాయని గట్టిగా నమ్మేవాణ్ణి, ఆఫీసు పని మీద టెక్సాస్ వెళ్ళి, అక్కడున్న అన్నయ్యా వదినలతో కలిసి పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ కావెర్న్స్ నేషనల్ పార్కు చూసేదాకా.

లోపలికి వెళ్ళేముందు రేంజరు అడిగింది, ఈ బట్టలతో, ఈ బూట్లతో ఇంకో గుహలోకి ఎప్పుడైనా వెళ్ళారా అని. నేను తల అడ్డంగా ఊపబోతుంటే వదిన పక్కనుంచి, "ఏమయ్యా, బెలుంలో వేసుకున్నవి ఇవే కదా, ఫొటోలో చూశాను" అంది. ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. ముక్కు మీద తెల్లటి బూజు పట్టి గబ్బిలాలు చచ్చిపోయే జబ్బు ఒకటి 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదటిసారి కనిపించి, ఆ తర్వాత అమెరికాలో లక్షల గబ్బిలాలని పొట్టనబెట్టుకుంది. ఆ బూజు మన బూట్లకి అంటుకుని గుహ నుంచి గుహకి ప్రయాణం చేయగలదు. సరే ఎందుకొచ్చిన గొడవని కారులో ఉన్న అన్నయ్య పాత బూట్లు, ఒక సైజు పెద్దవి, తొడుక్కుని దిగాను.

లిఫ్ట్ ఉంది కానీ, మోకాళ్ళు బాగుంటే నడిచి దిగడమే మంచిది. గుహ నోటి దగ్గర గబ్బిలాల పెంట వాసన, తర్వాత రెండు కిలోమీటర్ల మెలికల దారి, దాదాపు 750 అడుగుల లోతు, అంటే 79 అంతస్తులు. దిగేకొద్దీ వెలుగు పాలు విరిగినట్టు విరిగి పల్చబడి, ఒక మలుపు దాటాక పూర్తిగా పోతుంది. బెలుంలో చొక్కా తడిసి ముద్దయిపోతుంది కదా, ఇక్కడ ఏడాది పొడుగునా 13 డిగ్రీలే, స్వెటర్ కావాలి.

అడుగున బిగ్ రూమ్. ఒకే గది, 8 ఎకరాల పైచిలుకు. మా ఊళ్ళో 8 ఎకరాలున్నవాడు మోతుబరి. పైకప్పు కొన్నిచోట్ల 255 అడుగుల ఎత్తు. ఇంత గదిని తొలిచిన ఏరు ఎక్కడ, ఎటునుంచి వచ్చి ఎటు పోయింది అని వెతికాను. ఆ జాడే లేదు. దారి పక్కన తెల్లటి దిమ్మలు కొన్ని కనిపించాయి, వాటి మీద నీటిబొట్లు పడి గొట్టాల్లా బెజ్జాలు పడ్డాయి. అందరూ వాటిని దాటుకుని వేలాడే రాతి ఊడల దగ్గరికి పోతున్నారు. అసలు సాక్ష్యం ఆ దిమ్మలే.

అది జిప్సం. మన ఫాల్స్ సీలింగ్ షీట్లలో ఉండేదే, కాలిస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయ్యేదే. సున్నపురాయిని సల్ఫ్యూరిక్ ఆమ్లం తింటే మిగిలే పిప్పి అది. బ్యాటరీల్లో పోసే ఆ యాసిడ్ గుహలోకి ఎలా వచ్చింది? ఆ ప్రాంతం కింద చమురు, గ్యాస్ నిల్వలున్నాయి. అక్కడి నుంచి కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి పాకింది, పైనుంచి ఆక్సిజన్ ఉన్న నీళ్ళు దిగాయి, భూగర్భ నీటిమట్టం దగ్గర రెండూ కలిసి ఆమ్లమైంది. బెలుంలో సోడా చేసిన పనిని ఇక్కడ యాసిడ్ చేసిందన్నమాట, అదీ కిందనుంచి. కొండలు పైకి లేచేకొద్దీ నీటిమట్టం కిందికి జారింది, దానితోపాటే కొత్త గదులూ కిందికి తెరుచుకున్నాయి.

దీనికి వయసు కూడా కట్టారు. అదే ఆమ్లం బంకమట్టితో కలిసినచోట అల్యునైట్ అనే ఖనిజం పుట్టింది. అందులోని పొటాషియంలో కొద్ది భాగం నిదానంగా ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది కాబట్టి, ఎంత ఆర్గాన్ పోగైందో కొలిస్తే పుట్టినతేదీ దొరుకుతుంది. 1998లో వచ్చిన లెక్కల ప్రకారం బిగ్ రూమ్ వయసు దాదాపు 40 లక్షల ఏళ్ళు. అవే కొండల్లో ఇంకా ఎత్తున ఉన్న గుహలు కొన్ని కోటి ఏళ్ళు దాటినవి. పైవి పాతవి, కిందవి కొత్తవి, నీటిమట్టం కథకి సరిగ్గా అతికింది. రాయి మాత్రం 26 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు దిబ్బ, స్పంజికలూ నాచూ పోగుపడి కట్టింది.

మరి ఆ ఊడలు, స్తంభాలు, పైకప్పు నిండా సన్నటి గొట్టాలు? అది చాలా తర్వాతి పని, వేరే పనివాడిది. గది ఖాళీ అయి గాలి చేరాక, సుమారు 5 లక్షల ఏళ్ళ క్రితం నుంచి, మనకి తెలిసిన సోడా నీళ్ళే చుక్కచుక్కగా దిగి, గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేసి, మోసుకొచ్చిన సున్నాన్ని అక్కడే దింపేశాయి. బెంగళూరులో బోరు నీళ్ళు వాడే ఇంట్లో గీజర్ విప్పించి చూడండి, కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది, అదీ ఇదీ ఒకటే సరుకు. ఇప్పుడు పైన ఎడారి కావడంతో చాలాచోట్ల చుక్క పడటమే మానేసింది. ఒకచోట మాత్రం టప్, చాలాసేపటికి ఇంకోసారి టప్. అందరం ఈ అలంకారానికే ఫొటోలు తీస్తాం, నేనూ తీశాను. నన్నడిగితే ఆ ఖాళీయే గొప్పది.

లోపల మామూలు నీళ్ళు తప్ప ఏదీ తినకూడదు, తాగకూడదు, లిఫ్ట్ పక్కన చిన్న తినుబండారాల చోటు ఒక్కటే మినహాయింపు. 2024లో ఎవరో మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్ ఒకటి దారి పక్కన పడేస్తే, ఆ తేమకి మెత్తబడి బూజు పట్టి, పురుగులు చేరి చుట్టుపక్కల రాళ్ళకీ పాకింది, రేంజర్లు కూర్చుని గీకి శుభ్రం చేయాల్సొచ్చింది. మన బట్టల నుంచి రాలే నూగు కూడా తక్కువేం కాదు, ఏడాదికోసారి వాలంటీర్లు వచ్చి బ్రష్షులతో, పట్టకార్లతో ఏరతారు. ఇది విన్నాక వదిన తన బ్యాగులోని చేగోడీల డబ్బాని ఇంకాస్త లోపలికి తోసింది.

పైకి లిఫ్ట్‌లోనే వచ్చాం. సాయంత్రం గుహ నోటి ఎదురుగా రాతి మెట్ల మీద కూర్చోబెట్టారు, ఫోన్లు, కెమెరాలు కట్టేయించి. 1898 ప్రాంతంలో జిమ్ వైట్ అనే పశువుల కాపరి కుర్రాడు ఇక్కడే దూరం నుంచి పొగ అనుకుని దగ్గరికొస్తే గబ్బిలాలట. నిజంగా పొగలాగే, సుడి తిరుగుతూ, నోట్లోంచి ఊదినట్టు వచ్చాయి. రెక్కల చప్పుడు సన్నటి వాన చప్పుడులా ఉంది, గాలి కొంచెం వాసన. వదిన ఆకలికి ఆగలేక డబ్బా మూత తీయబోయింది. స్టీలు డబ్బా కిర్రుమంది. ముందు వరసలో రేంజరు వెనక్కి తిరిగి, పెదవుల మీద వేలు పెట్టింది.