చోడి అంబలి తాగి పరిగెత్తొచ్చా?

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే పరుగు మొదలుపెట్టిన కొత్తలో, చోళ్ళు (అదే, రాగులు) బలం అని చిన్నప్పట్నుంచీ విన్న మాట నమ్మి, పెద్ద గ్లాసుడు చిక్కటి అంబలి తాగి వెంటనే బయల్దేరాను. జోడుగుళ్ళపాలెం దాటి తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కేసరికి కడుపులో రాయి పడ్డట్టయి గట్టు మీద చతికిలబడ్డాను.

పాపం, చోళ్ళనేమీ అనలేం. పీచున్న తిండి పొట్టలోంచి నెమ్మదిగా దిగుతుంది. ఆఫీసులో కూర్చునేవాళ్ళకి అది మంచిదే. పరిగెత్తేటప్పుడు మాత్రం రక్తం కాళ్ళ కండరాలకి మళ్ళి పేగులకి తగ్గిపోతుంది, తాగిందంతా అక్కడే ఉండిపోతుంది. అందుకే అంబలి తాగితే రెండు మూడు గంటల ముందే తాగాలి, లేదా పరుగు అయ్యాక.

మరి అదే గింజని ఆటగాళ్ళకి పనికొచ్చేలా ఎలా మార్చడం? అమ్మమ్మలు చేసిందే: రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు రప్పించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించడం. మొలకెత్తే గింజ తనలోని పిండిపదార్థాన్ని వాడుకోడానికి అమైలేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసుకుంటుంది. ఆ పిండితో జావ కాస్తే, వేడెక్కే కొద్దీ ఆ ఎంజైమే స్టార్చ్ గొలుసుల్ని తెంపేస్తుంది, జావ పల్చబడుతుంది, కాబట్టి అదే గ్లాసులో ఇంకాస్త పిండి కలిపినా హాయిగా గొంతు దిగుతుంది. మరీ ఎర్రగా వేయించారో, ఎంజైమ్ చచ్చిపోయి, పడ్డ కష్టమంతా వాసనకే మిగులుతుంది. ఇనుము, కాల్షియంని పట్టుకుని వదలని ఫైటిక్ ఆమ్లం కూడా మొలకెత్తితే తగ్గుతుంది. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉందని అందరూ చెప్తారు గానీ, అందులో ఒంటికి పట్టేదెంతో ఎవరూ చెప్పరు.

"చోళ్ళు తింటే కండ పడుతుంది" అనేవాళ్ళతో మాత్రం నాకు పేచీ. 60 కిలోల మనిషికి గట్టి వ్యాయామం తర్వాత 20 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. 100 గ్రాముల చోళ్ళలో ఉండేది 7 గ్రాములే. అంటే 300 గ్రాముల పిండి జావ కాచుకోవాలి, ఎవడు తాగుతాడు? పైగా ఆ ప్రొటీన్‌లో లైసీన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లం తక్కువ. అదే 50 గ్రాముల మొలకల పిండి, పావు లీటరు పాలు, గుప్పెడు పల్లీలు, ఒక గుడ్డు అయితే లెక్క సరిపోతుంది. పక్కన అరటిపండు పెట్టుకుంటే పిండిపదార్థం కూడా 60 గ్రాములు దాటుతుంది.

సింహాచలం గిరి ప్రదక్షిణ లాంటి 32 కిలోమీటర్ల నడకకి జొన్నపేలాల ఉండలు బాగుంటాయనుకున్నాను, నడక నెమ్మది కాబట్టి పీచుతో ఇబ్బంది లేదు. అయితే బెల్లం గాలిలో తేమని లాగేస్తుంది, ఆషాఢంలో మన విశాఖ గాలి సంగతి తెలిసిందేగా. పొద్దున కరకరలాడిన ఉండలు హనుమంతవాక దాటేసరికి సంచిలో ఒకే ముద్ద! ఈసారి పాకం ఇంకొంచెం ముదరనిచ్చి, ఒక్కో ఉండనీ విడిగా రేకు కాగితంలో చుట్టి చూడాలి.